సముద్రపు గాలికి దిగులు పోతుందా?

తెనాలి నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరుగారికి నమస్కారాలు. మావారు ఉద్యోగం నుంచి రిటైరై ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి మనిషి మారిపోయారు. ఎవరితోనూ కలవరు. పేపరు తెరిచి ఒకే పేజీ గంటసేపు చూస్తూ కూర్చుంటారు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. నాలుగు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోతారు. మా ఆడపడుచు వచ్చి, 'సూర్యలంకలో గది తీసుకుని నెల్లాళ్ళు ఉండి రండి, సముద్రపు గాలికి అన్నీ సర్దుకుంటాయి, డాక్టర్లూ మందులూ ఎందుకు?' అంటోంది. మా అబ్బాయి, 'అదంతా పాతకాలపు మాట, గాలికి జబ్బులు పోతాయా?' అని నవ్వుతున్నాడు. నేను ఎవరి మాట వినాలి?"

అమ్మా, ఇద్దరి మాటా సగం సగం వినండి. సముద్రం మనసుకు మేలు చేస్తుందన్న మీ ఆడపడుచు మాట నిజం. అది మందులకు బదులు కాదన్న మీ అబ్బాయి అనుమానమూ నిజమే. ఏ సగం ఎంతవరకు నిజమో తెలుసుకోకపోతే మాత్రం చిక్కు వస్తుంది. ఒకసారి ఆ చిక్కు నావల్లనే ఒక రోగికి వచ్చింది. ఆ సంగతి కూడా ఈ వారం దాచకుండా చెబుతాను.

పాత మాటే, కాని ఒట్టి మాట కాదు

సముద్రాన్ని వైద్యం కింద వాడడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో సముద్రపు నీటి గుణాల మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. ఆయన రోగుల్ని సముద్రంలో ముంచడమే కాక, ఆ నీళ్ళు తాగించేవాడు కూడా! (దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఉప్పునీరు ఒంట్లో ఉన్న నీటిని కూడా లాగేస్తుంది.) ఆయన కాపురం పెట్టిన బ్రైటన్ అనే చిన్న పల్లె తర్వాత పెద్ద పట్నమైపోయింది. 1796లో మార్గేట్ అనే ఊళ్ళో సముద్రస్నానాలతో వైద్యం చేసే ఆసుపత్రే వెలిసింది.

మన దగ్గరా ఈ నమ్మకం ఉంది. బెంగాలు నుంచి కలిగినవాళ్ళు గాలి మార్పు కోసం పూరీకి, వాల్తేరుకు వచ్చి నెలల తరబడి ఉండేవారు. మన పెద్దవాళ్ళు కూడా జ్వరం పడి లేచిన మనిషిని సముద్రపు ఒడ్డున ఉన్న చుట్టాల ఇంటికి పంపేవారు.

ఆ రోజుల్లో సముద్రపు గాలిలో ఓజోన్ ఉంటుందని, అది ఊపిరితిత్తుల్ని శుభ్రం చేస్తుందని డాక్టర్లే చెప్పేవారు. అది తప్పు. ఓజోన్ ఎక్కువైతే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. సముద్రం దగ్గర వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన చాలావరకు సముద్రపు సూక్ష్మజీవుల నుంచి పుట్టే ఒక గంధకపు వాయువుది. కాబట్టి గాలిలో ఏదో మందు కలిసి ఉందనుకోకండి. మేలు జరిగేది వేరే దారుల్లో.

మేలు ఎలా జరుగుతుంది?

మొదటిది, అలసిన మనసుకు విశ్రాంతి. పొయ్యిమీద పాలు పెట్టి పొంగకుండా కాపలా కాయడం గుర్తు తెచ్చుకోండి. చేసే పని చిన్నదే, కాని దృష్టి బలవంతంగా ఒకచోట నిలపాలి. ఆఫీసులో లెక్కలు చూసుకోవడం, రద్దీ రోడ్డు దాటడం, పిల్లవాడి చదువు కనిపెట్టడం అన్నీ ఇలాంటివే. ఈ బలవంతపు దృష్టి రోజంతా వాడితే అరిగిపోతుంది. అప్పుడు చిన్నమాటకే విసుగు, ఏదీ గుర్తుండకపోవడం మొదలవుతాయి. అల చూడడానికి బలవంతం అక్కర్లేదు. దానంతట అదే కంటిని పట్టి ఉంచుతుంది, కాని మనసును పిండదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులైన కప్లాన్ దంపతులు 1989లో వచ్చిన తమ గ్రంథంలో, ప్రకృతి మధ్య మనసు తేరుకోవడానికి ఇదే ముఖ్య కారణమని వివరించారు.

రెండవది, నెమరువేత ఆగడం. ఎద్దు గడ్డి నెమరు వేసినట్లు దిగులుపడ్డ మనసు ఒకే సంగతిని తిప్పి తిప్పి నములుతుంది. "అప్పుడు ఆ మాట అనకుండా ఉండవలసింది", "ఇక నేను ఎవరికీ పనికిరాను" అనే రకం తలపులు. నాలుగు గోడల మధ్య వీటికి అడ్డేముంది? ఒడ్డున గాలి, చప్పుడు, కాళ్ళ కింద జారే ఇసుక, ఒంటికి తగిలే తుంపర, ఇన్ని ఒక్కసారిగా పలకరించేసరికి ఆ నెమరు కాసేపు తెగుతుంది. పావుగంట తెగినా లాభమే.

మూడవది, ఊపిరి. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. ఆందోళనలో ఉన్నవారు ఇంకా గబగబా తీస్తారు. అల చప్పుడు వింటూ కూర్చుంటే చాలామందికి తెలియకుండానే ఊపిరి నెమ్మదిస్తుంది. ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం, కండరాల బిగువు కూడా తగ్గుతాయి.

నాలుగవది, నడక. ఒడ్డుకు వెళ్ళినవాడు కుర్చీలో కూర్చోడు, నడుస్తాడు. అందులోనూ ఇసుకలో నడక గట్టినేల మీద నడక కంటే ఎక్కువ శ్రమ. మితమైన వ్యాయామం తేలికపాటి దిగులును తగ్గిస్తుందన్న సంగతిలో ఇప్పుడు వైద్యుల్లో రెండో అభిప్రాయం లేదు.

అయిదవది మన తీరానికి దక్కిన అదృష్టం. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు నీళ్ళలోంచి లేస్తుంది. నిద్రా మెలకువలను నడిపే గడియారం ఒకటి మెదడులో ఉంది. ఆ గడియారానికి కీ ఇచ్చేది ఉదయపు వెలుతురు. ఇంట్లో దీపాల వెలుతురు మన కంటికి బాగానే ఉన్నట్లుంటుంది గాని, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దున అరగంట ఆరుబయట ఉన్నవారికి రాత్రి వేళకు నిద్ర వచ్చే అవకాశం పెరుగుతుంది. అయితే సూర్యుడి వంక నేరుగా చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఇంగ్లండులో ఎక్సిటర్ విశ్వవిద్యాలయం వారు ఈ విషయాన్ని చాలాకాలంగా పట్టుకుని పరిశీలిస్తున్నారు. సముద్రానికి దగ్గరగా ఉండేవారు కలిగినవాళ్ళు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నారేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అవే మనుషుల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. తీరానికి దగ్గరగా కాపురమున్న సంవత్సరాల్లో వాళ్ళ మనస్థితి కాస్త మెరుగ్గా ఉన్నట్లు తేలింది. "కాస్త" అన్నమాట మరచిపోకండి. తేడా కొండంత కాదు.

2019లో దాదాపు 26 వేలమంది పట్టణవాసుల సమాచారం చూసినప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. తీరానికి ఒక కిలోమీటరు లోపల ఉండడంవల్ల ఎక్కువ మేలు కనిపించింది డబ్బున్నవారిలో కాదు, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల్లో. ఇరుకు ఇళ్ళలో చాలీచాలని జీతంతో బతికేవారికి ఖర్చు లేని విశ్రాంతి ఎంత అవసరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరంలో 2020లో ప్రచురించిన పరిశోధన ఇంకోటి. ఆఫీసు ఉద్యోగులను ఒక వారం రోజుకు 20 నిమిషాల చొప్పున సముద్రం ఒడ్డున, ఇంకో వారం నగర వీధుల్లో నడిపించారు. మరో వారం ఊరికే కూర్చోబెట్టారు. ఒడ్డున నడిచిన వెంటనే వాళ్ళ మనసు ఎక్కువ ఉల్లాసంగా ఉంది. గుండె, రక్తపోటు విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. కాబట్టి సముద్రానికి వెళ్ళొస్తున్నాం కదా అని బి.పి. మాత్ర మానేయకండి.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు మొదట్లో చెబుతానన్న సంగతి. నేను సర్వీసులో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక చిన్న పట్నంలో పనిచేస్తుండగా, నలభై ఏళ్ళ గుమాస్తా ఒకరిని ఆయన అన్నగారు తీసుకువచ్చారు. నిద్ర లేదు, ఆకలి లేదు, ఒళ్ళు తగ్గింది, ఏ పనీ చేయబుద్ధి కాదు. రక్తం, మూత్రం పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. నేను నాలుగు విటమిన్ బిళ్ళలు రాసి, "జబ్బేమీ లేదండీ. భీమిలిలో మీ చుట్టాలున్నారన్నారుగా, పది రోజులు అక్కడ ఉంచండి. సముద్రపు గాలికి అన్నీ ఎగిరిపోతాయి" అని ధైర్యం చెప్పి పంపాను. ఆ మాట అన్నందుకు నాకు సంతోషంగా కూడా ఉంది. మందు రాయకుండా నయం చేసే డాక్టరుననుకున్నాను.

అక్కడ జరిగింది తర్వాత ఆయనే నాకు చెప్పారు. పొద్దునా సాయంత్రం బంధువులు ఒడ్డుకు తీసుకువెళ్ళేవారు. "చూడు ఎంత బాగుందో, హాయిగా లేదూ?" అని అడిగేవారు. ఆయనకు హాయి తెలియలేదు. నీళ్ళు కనిపించాయి, అంతే. నాలుగు రోజులు చూసి ఆయన మనసులో ఒక తీర్పు చెప్పుకున్నారు: "అందరికీ పనిచేసే సముద్రం కూడా నాకు పనిచేయలేదంటే, ఇక నేను బాగుపడే మనిషిని కాను." ఎనిమిదో రోజున ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరికి ఎంత బాకీ ఉన్నదో అన్నగారికి ఉత్తరం రాసి పెట్టుకున్నారు. అదృష్టం ఏమంటే, వదినగారు అది చూశారు. ఆవిడ ఏడవలేదు, కేకలు వేయలేదు. మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు బతకాలని లేదా నాయనా?" అని సూటిగా అడిగారు. ఆయన ఔనన్నారు. ఆ పూటే విశాఖపట్నంలో మానసిక వైద్యుని దగ్గర చేర్పించారు.

ఆ ప్రశ్న నేను అడగవలసింది. ఎం.బి.బి.ఎస్. చదివిన నేను అడగలేదు, బడికి వెళ్ళని ఆవిడ అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని అప్పుడు నా భయం. చాలామందికి ఇప్పటికీ ఈ భయం ఉంది. అది తప్పని పరిశోధనలు తేల్చాయి. అడిగితే ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్న బరువు దించుకోవడానికి మనిషికి దారి దొరుకుతుంది.

ఆయనకు వచ్చింది డిప్రెషన్ అనే జబ్బు. దాని లక్షణాల్లో ఒకటి, ఆనందాన్ని అందుకునే శక్తే పోవడం. నాలుక చేదెక్కిన జ్వరం మనిషికి పాయసం పెట్టి "తియ్యగా లేదూ?" అంటే ఏం లాభం? ముందు జ్వరం తగ్గాలి. చికిత్స మొదలైన రెండు నెలలకు ఆయన తనంతట తాను ఒడ్డుకు వెళ్ళారట. ఆ మాట చెబుతూ, "సముద్రం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే డాక్టరుగారూ. అప్పుడు చూసేవాణ్ణి నేను లేను" అన్నారు. ఆ మాట నా చదువులో ఒక పాఠం.

దిగులు ఎప్పుడు జబ్బు అవుతుంది?

బాధ కలిగితే దిగులుపడడం జబ్బు కాదు. కాని రెండు వారాలకు పైగా, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉంటే, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోతే, వాటితోపాటు నిద్ర, ఆకలి చెడితే, నీరసం, పనికిరానివాణ్ణన్న భావం, చావు తలపులు ఉంటే డాక్టరుకు చూపించాలి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం మేము ప్రత్యేకంగా గమనించే గుర్తు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. జబ్బునుబట్టి వీరిలో నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారే. వాళ్ళకు "గాలి మార్పు", "నాలుగు రోజులు ఊరెళ్ళు", "మనసు గట్టి చేసుకో" అనే సలహాలు మాత్రం అందుతూనే ఉంటాయి.

డిప్రెషన్‌కు మాత్రలు వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గుణం కనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపకూడదు. మాత్రలు లేకుండా మాటలతో చేసే చికిత్స కూడా తేలికపాటి డిప్రెషన్‌కు బాగా పనిచేస్తుంది.

సముద్రం అందరికీ ఒకటి కాదు

కొంతకాలం నేను కృష్ణాజిల్లాలో తీరానికి దగ్గరగా ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. అక్కడి పల్లెకారుల ఇళ్ళలో దిగులుకేమీ తక్కువ లేదు. ఒకావిడతో మాట వరసకు, "రోజూ సముద్రం ఎదురుగా ఉంటారు, మీకేమమ్మా" అన్నాను. "అది మా చేను బాబూ. పండితే సంతోషం గాని, ఊరికే చూస్తే కడుపు నిండుద్దా?" అంది. వలకు చేప పడని రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవమీద అప్పు, వీటి మధ్య ఉన్న మనిషికి సముద్రం విశ్రాంతి ఎలా అవుతుంది?

అక్కడే ఇంకొకావిడ ఏటా కార్తీకమాసంలో గుండెదడతో వచ్చేది. మబ్బు పట్టినా, గాలి హోరుమన్నా చెమటలు పట్టి కాళ్ళు వణికేవి. గుండెలో ఏ లోపమూ లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఆవిడ ఇద్దరు పిల్లలు పోయారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ ఉప్పెనలో దాదాపు పదివేలమంది చనిపోయారు. ఆవిడ తర్వాత ఎప్పుడూ సముద్రం వైపు వెళ్ళలేదు. "భయం పోవాలంటే ఒకసారి తీసుకెళ్ళి నీళ్ళ ముందు నిలబెట్టాలి" అని చుట్టాలు బలవంతం చేస్తే రెండు రోజులు మాట పడిపోయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత, 2014 అక్టోబరులో విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుఫాను తర్వాత కూడా ఇలాంటివారు ఉన్నారు. దయచేసి ఇలాంటివారిని బలవంతంగా తీసుకువెళ్ళకండి. ఆ భయానికి కూడా చికిత్స ఉంది. తెలిసినవారి చేతిలో, మెల్లమెల్లగా, మనిషి ఒప్పుకున్నంతవరకే అది జరగాలి.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

సముద్రం వాడుకునే పద్ధతి తెలిస్తే ఖర్చు లేకుండా ఎక్కువ మేలు పొందవచ్చు.

1. ఏడాదికొకసారి వారం రోజులు ఉండడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు కాసేపు వెళ్ళడం మంచిది. ఇంగ్లండులో సుమారు ఇరవైవేలమందిని పరిశీలించి 2019లో చెప్పిన లెక్క ప్రకారం, వారంలో మొత్తం మీద రెండు గంటలు ప్రకృతి మధ్య గడిపినవారి ఆరోగ్యం, మనస్థితి మెరుగ్గా ఉన్నాయి. రెండు గంటలూ ఒకేసారి కావాలని లేదు.

2. తెల్లవారుజామున గాని, సాయంత్రం నాలుగున్నర తర్వాత గాని వెళ్ళండి. మన ఎండల్లో మధ్యాహ్నం ఒడ్డున ఉంటే దిగులు సంగతి దేవుడెరుగు, వడదెబ్బ తగులుతుంది.

3. వెళ్ళిన తర్వాత పావుగంటైనా సెల్‌ఫోను సంచిలో పెట్టండి. అలను ఫోటో తీసేవాడికి అల కనిపించదు, ఫోటోయే కనిపిస్తుంది.

4. ఒకచోట కూర్చుని అల మీదకు వచ్చేటప్పుడు ఊపిరి తీసుకుని, అది విరిగి వెనక్కి మళ్ళిపోయేదాకా నెమ్మదిగా వదలండి. పది అలలు చాలు. తల తిరిగితే మామూలుగా ఊపిరి తీసుకోండి.

5. దిగులుగా ఉన్నవారిని ఒంటరిగా పంపకండి. పక్కన ఒకరుండాలి. ఉన్నవారు మాట్లాడించాలని తాపత్రయపడనక్కర్లేదు. "హాయిగా ఉందా?" అని పరీక్షలు అసలు పెట్టకండి.

జాగ్రత్తలు

ఏటా మన తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నవారిలో ఎక్కువమంది కుర్రవాళ్ళు. లోపలికి లాగే ప్రవాహాలు కంటికి ఆనవు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్లు కనిపించే చోటే తరచు ఆ లాగుడు ఉంటుంది. "ఇక్కడ శాంతంగా ఉంది" అని అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకు రండి. ఈత రానివారు చేయి ఎత్తి కేక వేయాలి. గజ ఈతగాళ్ళు లేనిచోట మోకాటి లోతు దాటవద్దు. తాగి దిగవద్దు. మనసుకు మేలు కావాలంటే నీళ్ళలో దిగనే అక్కర్లేదు, ఒడ్డు చాలు.

మానసిక వ్యాధులకు మందులు వాడేవారికి ప్రత్యేకించి ఒక మాట. లిథియం మాత్రలు వేసుకునేవారు ఎండలో చెమట పోసి నీళ్ళు తగ్గితే, ఒంట్లో ఆ మందు పాలు పెరిగి విషమించవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడడం దీనికి గుర్తులు. వీరు నీడపట్టున ఉండి నీళ్ళు బాగా తాగాలి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. క్లోర్‌ప్రొమజిన్ వంటి మందులు వాడేవారికి ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ప్రయాణంలో మాత్రల సంచి మరచిపోవడం, "షికారుకొచ్చాం కదా, నాలుగు రోజులు మానేద్దాం" అనుకోవడం మేము తరచు చూసే పొరపాట్లు.

సముద్రం లేని ఊళ్ళవారు

వరంగల్లు, కరీంనగరం, అనంతపురం పాఠకులు "మాకు సముద్రం ఎక్కడిది?" అని అడుగుతారు. నదులు, చెరువులు కూడా మనసుకు ఇలాంటి మేలే చేస్తాయని పరిశోధకులు అంటున్నారు. భద్రకాళి చెరువు కట్ట, గోదావరి రేవు, హైదరాబాదులో ట్యాంకుబండు, లేదా మీ ఊరి చెరువుగట్టు మీద మర్రిచెట్టు నీడ, ఏదైనా ఫరవాలేదు. వాసన లేకుండా, భద్రంగా, రోజూ వెళ్ళగలిగేంత దగ్గరగా ఉంటే చాలు. దూరాన ఉన్న సముద్రం కంటే దగ్గరున్న చెరువు మేలు.

తెనాలి సోదరికి

అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి మీవారిది రిటైరైన కొత్తలో ఉండే మామూలు వెలితి కాదు. ఎనిమిది నెలలుగా ఉన్న ఆ నిద్ర, ఆ తిండి చూస్తే డిప్రెషన్ కావచ్చు. ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, షుగరు, రక్తహీనత, బి-12 విటమిన్ లోపం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు చేయిస్తారు. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పండి. చెవి వినికిడి తగ్గిందేమో, సాయంత్రాలు తాగడం అలవాటైందేమో కూడా దాచకుండా చెప్పండి. అవసరమైతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. "పిచ్చి డాక్టరు దగ్గరకా?" అని ఎవరైనా అంటే అననివ్వండి.

ఈ రాత్రే ఆయన పక్కన కూర్చుని, మెల్లగా, సూటిగా, "మీకు బతకాలని లేదనిపిస్తోందా?" అని అడగండి. ఔనంటే కంగారుపడకండి, తిట్టకండి, దేవుడిమీద ఒట్టు వేయించుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏ వేళనైనా ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నెల్లాళ్ళ గది ఇప్పుడు వద్దు. తెలియని ఊళ్ళో, మందు లేకుండా, ఏ పనీ లేకుండా నెల్లాళ్ళంటే ఆయనకు అది శిక్ష. చికిత్స మొదలై, ఆయన మళ్ళీ నాలుగు ముద్దలు ఎక్కువ తినడం మొదలుపెట్టాక, ఒక ఆదివారం తెల్లవారుజామున రైల్లో బాపట్ల వెళ్ళండి. అక్కడినుంచి సూర్యలంక ఎంతో దూరం లేదు. ఫ్లాస్కులో కాఫీ, నాలుగు ఇడ్లీలు పట్టుకెళ్ళండి. ఒడ్డున కూర్చోండి. ఏమీ అడగకండి. ఎండెక్కకముందే తిరిగి వచ్చేయండి. ఆయనకు ఏమీ అనిపించకపోతే ఫరవాలేదు, రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళండి.

మీ ఆడపడుచుగారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆవిడ చెప్పింది మంచి సలహాయే. అయితే డాక్టరు చెప్పే మాట ముందు, ఆవిడ చెప్పిన మాట తర్వాత.